చెక్క తీసేదాకా

మోకాళ్ళు రెండూ గోనెసంచి మీద ఆనించి, ఎడమచేతి వేళ్ళు చెక్క అంచు కిందికి పోనిచ్చి, ఒక జానెడు పైకెత్తాడు. తల పక్కకు వాల్చి, చెంప మట్టికి తగులుతుందేమో అన్నంతగా వంగి చూశాడు. నల్లటి తడి మట్టి. వెలుతురు పడగానే ఒక వానపాము మెలిక తిరిగి లోపలికి జారుకుంది. అంతకుమించి ప్రాణమున్నదేదీ అక్కడ కనిపించలేదు. ఎంత మెల్లగా ఎత్తాడో అంత మెల్లగా చెక్క దించి, చొక్కా జేబులోంచి పెన్సిల్ ముక్క తీసి దాని మీద ఒక గీత గీశాడు. పాత గీతలతో కలిపి లెక్కపెట్టుకున్నాడు. ఇరవై ఆరు.

ఆ ఆసుపత్రిలో అందరూ ఆయన్ని నిదానం అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. నిదానంగా నడుస్తాడు, నిదానంగా తింటాడు. "ఏమయ్యా, బాగున్నావా?" అని దారిన పోయేవాళ్ళు అడిగితే, నిజంగా బాగున్నాడో లేదో ఆలోచించుకుని మరీ జవాబు చెబుతాడు. ఈలోగా అడిగినవాళ్ళు మెట్లెక్కి వెళ్ళిపోయుంటారు. వంటింటి వెనకున్న కూరగాయల తోటలో ముప్పై తొమ్మిదేళ్ళు ఇలాగే గడిపాడు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఆయన ఉద్యోగం అయిపోతుంది.

చెక్క కింద ఉన్నవి పార్స్‌నిప్ విత్తనాలు. క్యారెట్‌కు దగ్గరి చుట్టమే, కాకపోతే రంగు మీగడది, ఆకారం కాస్త బొద్దు. ఆసుపత్రిలో తెల్లదుంప అంటారు. అంత మొండిఘటాన్ని నిదానం జన్మలో చూడలేదు. ముల్లంగి నాలుగోరోజుకల్లా తల బయటపెట్టి వచ్చానంటుంది. బఠాణీకి వారం పడుతుంది. ఇది మాత్రం మూడు వారాలు, ఒక్కోసారి నాలుగు, ఉలుకూ పలుకూ లేకుండా నేలలో కూర్చుంటుంది. అన్ని రోజుల్లో ఒక్కరోజు నేల ఆరిపోయిందా, ఇక రానే రాదు. అందుకని సాలు పొడవునా చెక్క కప్పి తేమ నిలబెడతారు. పోనీ కప్పేసి హాయిగా పడుకుందామా అంటే, మొలక పైకొచ్చాక చెక్క అలాగే ఉంటే వెలుతురు లేక పాలిపోయి చస్తుంది. కాబట్టి రోజూ ఎత్తాలి, చూడాలి, దించాలి. ఇన్ని పేచీలు చాలవన్నట్టు ఆ విత్తనానికి ఆయుష్షు ఒక్క ఏడాదే. నిరుడు పండింది ఈ ఏడు చల్లాలి. డబ్బాలో దాచి, మరుసటేడు తీసి చల్లితే మట్టి మీద పొట్టు చల్లినట్టే.

మామూలుగా ఆరు సాళ్ళు, ఆరు చెక్కలు. ఈసారి ఒక్కటే. పోయిన ఏడాది విత్తనం సరిగ్గా పండి కోతకొచ్చిన రాత్రి గాలివాన వచ్చి, మనిషెత్తు కాడలన్నీ పడుకోబెట్టేసింది. తెల్లారి వచ్చి చూస్తే గింజలన్నీ ఎటు పోయాయో పోయాయి. నిదానం రెండు రోజులు నేల మీద కూర్చుని, బురదలోంచి ఒక్కొక్కటే ఏరాడు. అరచెయ్యి నిండింది. ఆ అరచేతెడే ఇప్పుడు నేలలో ఉంది.

బజారులో దొరకవా అంటే దొరుకుతాయి. కానీ ఈ తోట మట్టి బరువు మట్టి. బజారు విత్తనం ఇక్కడ వేస్తే దుంప నాలుగు కాళ్ళుగా చీలి, లోపలంతా పీచవుతుంది. నిదానానికి ముందు ఇక్కడ పనిచేసిన పెద్దాయన ఏటా అన్నిటికంటే నిటారుగా, తియ్యగా ఉన్న దుంపలు మూడు నాలుగు తియ్యకుండా నేలలోనే ఉంచి, రెండో ఏడు వాటికొచ్చిన విత్తనమే వాడేవాడు. పెద్దాయన పద్దెనిమిదేళ్ళు, తర్వాత నిదానం ముప్పై తొమ్మిదేళ్ళు. నిరుడు అలా ఉంచిన దుంపలు చలికాలం వానలకు నేలలోనే కుళ్ళిపోయాయి. ఇవి మొలవకపోతే ఆ వరస ఇక్కడితో ఆఖరు. అదే ఆయన గుండెల మీద బండలా కూర్చుంది.

"మామా! వచ్చాయా?"

తోట ఆ చివర్నుంచి ఈ చివరికి వినపడేలా అరిచింది తుఫాను. ఆమెకా పేరు లాండ్రీలో వచ్చింది. పన్నెండేళ్ళు అక్కడ దుప్పట్లు ఉతికింది. సోడా పొడికి చేతులు పగిలి పుళ్ళు పడుతుంటే, ఆరు వారాల కింద తోటకు మార్చారు. నిదానం వెళ్ళిపోయాక తోట ఆమెదే. నలభై ఏళ్ళ మనిషి, చేతిలో పని ఉంటే నిలబడలేదు, లేకపోతే అసలే నిలబడలేదు. పాలకూర మడి గంటలో కోసిపారేస్తుంది. విత్తనం వేసిన మర్నాడే వెళ్ళి మొలిచిందేమోనని గోరుతో తవ్వి చూస్తుంది.

"రాలేదు" అన్నాడు నిదానం.

"ఇంకా రాలేదా? ఈపాటికి నేనైతే ఇంకో పిల్లని కనేదాన్ని మామా" అంటూ దగ్గరికొచ్చింది. "ఒట్టు, నువ్వు పోయాక వస్తే నేను గుర్తుపట్టలేను. ఎలా ఉంటాయో చెప్పు అంటే చెప్పవు."

"చెబితే తెలిసేది కాదమ్మాయ్. చూపించాలి."

భయమంతా అదే. తెల్లదుంప మొలక తెల్లదుంపలా ఉండదు. సన్నగా, పొడుగ్గా రెండు ఆకులు, అచ్చం గడ్డిపరకలు. తెలియనివాళ్ళు కలుపనుకుని పీకేస్తారు. అవి ఇవాళ్టికల్లా వస్తే, వేలు పెట్టి చూపించి, ఇవమ్మా అని అప్పగించి పోదామనుకున్నాడు. నాలుగింటికి ఇంకా ఎనిమిది గంటలుంది. మొండిఘటం మనసు మారడానికి ఎనిమిది గంటలు చాలకపోవచ్చు.

సన్నటి ధారల నీళ్ళ డబ్బాతో చెక్కకు ఇటూ అటూ నీళ్ళు పోశాడు, కిందికి ఊరేట్టు. పోస్తూ పోస్తూ చెక్క అవతల, గోడ వైపు చూశాడు. దగ్గరి వస్తువులు మసగ్గా కనిపించడం మొదలై ఏడాదైంది. కళ్ళు పరీక్ష చేయించుకుని రెండు వారాలు దాటింది, అద్దాలింకా రాలేదు. అయినా ఆ మసకలోనే కాస్త పచ్చదనం ఆనింది.

"గోడ పక్క గడ్డి మొలుస్తోంది. తీరిక చేసుకుని తీసెయ్" అన్నాడు.

"తీరికేంటి, ఇప్పుడే తీసేస్తా. ఆ ఒంటిచక్రం బండి సంగతి కూడా చూడు మామా. గాలి పోయి ఎనిమిది రోజులైంది. ఎరువుతో అలాగే అడ్డంగా ఏడుస్తోంది. ఇవాళ కూడా రేపు చూద్దాంలే అన్నావంటే, నీకింక రేపు లేదు!"

నిదానం బండి వంక చూశాడు. దాని చక్రం అణిగిపోయి, మడి చివర ఒరిగి ఉంది. "చూద్దాంలే" అన్నాడు.

ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని వంటింటికి బయల్దేరాడు. దారిలో భార్య గుర్తొచ్చింది. ఆమె కూడా ఇదే ఆసుపత్రి లాండ్రీలో చేసి, రెండేళ్ళ కింద మానేసింది. పెళ్ళైన కొత్తలో ఒక్క మాట అడిగింది: సముద్రం చూడాలని. చలి తగ్గాక, ఎండలు ముదరకముందు వెళ్తే బాగుంటుందట. అది సరిగ్గా చెక్కలు పరిచే కాలం. "చెక్క తీసేదాకా ఆగు" అన్నాడు. చెక్క తీశాక కలుపు, కలుపయ్యాక కాయగూరలు, అవయ్యాక ఎండలు. మరుసటేడు మళ్ళీ అడిగింది, మళ్ళీ అదే మాట. ముప్పై ఒక్కసార్లు అడిగి ఉంటుంది. ఒకసారి మాత్రం ఆమె చల్లగా, "నన్నూ ఒక చెక్క కింద పెట్టండి. రోజుకోసారైనా ఎత్తి చూస్తారు" అంది. అప్పుడు నవ్వాడు గానీ, ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఈసారి ఆమె అడగలేదు. రెండు టిక్కెట్లు కొని తెచ్చి బల్ల మీద పెట్టింది. రేపు పొద్దున ఆరింటి రైలు. సముద్రం ఒడ్డున చెల్లెలింట్లో నెల రోజులు. పెట్టె సర్ది గుమ్మం పక్కన నిలబెట్టి మూడు రోజులైంది. ఆయన పొద్దున బయల్దేరుతుంటే ఆ పెట్టె దాటుకునే రావాల్సొచ్చింది.

వంటింట్లో ఆవిరి కమ్మి ఉంది. వంటాయన పెద్ద గరిటె పట్టుకునే ఎదురొచ్చాడు. "వచ్చిందా నీ మహారాణి?"

"రాలేదు."

వంటాయన మొహం వాడిపోయింది. ఆయనది పెద్ద నోరు, ఎవర్నీ వదలడు. కానీ తెల్లదుంప దగ్గర మాత్రం వేళాకోళం ఆడడు. నాలుగేళ్ళ కింద మొదటి మంచు పడ్డాక తవ్విన దుంపలతో సూపు చేశాడు. మంచు తగిలితేనే ఆ దుంపలో తీపి పుడుతుంది. పై అంతస్తులో ఒక పెద్దమనిషి మూడు నెలలుగా ఎవరితోనూ మాట్లాడకుండా, గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. ఆయన గిన్నె ఖాళీ చేసి, "ఇంకొంచెం" అన్నాడు. వంటాయన ఏప్రనుతోనే తోటలోకి పరిగెత్తుకొచ్చి ఆ మాట నిదానం చెవిన వేశాడు. నిదానం తల దించుకుని, తవ్విన చోటే మళ్ళీ తవ్వుతూ చాలాసేపు ఉండిపోయాడు. ఆ సంగతి ఇద్దరికే తెలుసు.

"రాకపోతే?" అన్నాడు వంటాయన.

"ఇంకో రెండు రోజులు చూడాలి."

"నువ్వుండవుగా."

"ఆ అమ్మాయి ఉంటుంది."

"ఆవిడా! గాలిపటం దారమైనా ఆవిడకంటే ఓపిగ్గా ఉంటుందయ్యా" అన్నాడు వంటాయన. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు బల్ల కిందనుంచి రంగు కాగితం చుట్టిన పెట్టె తీశాడు. వంటవాళ్ళూ నర్సులూ చుట్టూ మూగారు. అందరూ కలిసి కొన్న బహుమతి. విప్పితే గోడ గడియారం. నిదానానికి గడియారం ఇస్తున్నామన్న సంగతి ఇచ్చేవాళ్ళకు అప్పుడే తట్టింది కాబోలు, ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఇంకొకావిడ కిసుక్కుమంది, ఆపైన వంటిల్లు వంటిల్లంతా పగలబడి నవ్వింది. నిదానం గడియారం చెవికానించి విన్నాడు. "పర్లేదు, ఇదీ మెల్లగానే నడుస్తోంది" అన్నాడు. జీవితంలో ఆయన వేసిన నాలుగైదు హాస్యాల్లో అదొకటి. వంటాయన ఆయన వీపు మీద చరిచి, తర్వాత చటుక్కున తిరిగి ఉల్లిపాయల పని చూసుకున్నాడు.

పనిముట్లు సామాన్ల గదిలో అప్పగించి, ఆఫీసు గదిలో మూడుచోట్ల సంతకాలు పెట్టి, మళ్ళీ తోటకొచ్చేసరికి రెండు కావొస్తోంది.

తుఫాను నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది, చెమటతో, మహా సంతోషంగా. "చూడు మామా!"

చూశాడు. చెక్కకు అవతల, గోడ దాకా నేలంతా కలుపు తీసే తొలికతో గీరి, చేత్తో సాపు చేసి ఉంది. గడ్డిపరక కాదు కదా, ఎండుటాకు కూడా లేదు. తిండి తినే వేళ కూడా వదులుకుని చేసిందని తెలుస్తూనే ఉంది. "ఆఖరిరోజు కదా. నువ్వు వెళ్ళేటప్పుడు మడి అద్దంలా ఉండాలని" అంది.

"బాగుంది" అన్నాడు నిదానం. ఆయన నోట ఆ మాట ఆరు వారాల్లో ఆమె వినడం అదే మొదటిసారి. ఆమె మొహం తిప్పుకుంది.

కలుపు బుట్ట ఆయనే అందుకున్నాడు. "నేను పారబోసొస్తాలే." ఎరువు గుంట వంటింటి గోడ పక్కన ఉంది. బుట్ట వంచబోతుంటే ఎండకు వాడిన ఆకుల్లోంచి ఒక వాసన లేచింది. గడ్డి వాసన కాదది. తీపీ ఘాటూ కలిసిన సన్నటి వాసన. ఆయన చేతులు ఆగిపోయాయి.

బుట్ట నేల మీద పెట్టి, లోపల చెయ్యి పెట్టాడు. కళ్ళకు కనిపించకపోయినా వేళ్ళకు తెలుసు. ఒక మొలక పైకి తీసి ముక్కు దగ్గర నలిపాడు. రెండు పొడుగాటి ఆకులు, వాటికింద వేలెడంత తెల్లటి వేరు దారం. ఇంకోటి తీశాడు. ఇంకోటి. గరికలోంచి ఏరుతుంటే వస్తూనే ఉన్నాయి. ముప్పై దాటాక లెక్క మానేశాడు.

నిదానం పరుగెత్తడం ఆ ఆసుపత్రిలో ఎవరూ చూసెరగరు. ఆ మధ్యాహ్నం వంటింటి కిటికీలోంచి ముగ్గురు చూశారు.

"ఇవెక్కడివి?" అని చెయ్యి చాచాడు.

"గోడ పక్కవి. గడ్డి. ఏం మామా?"

"నీ తొందర తగలెయ్యా! గడ్డికీ దీనికీ..." మధ్యలోనే ఆగాడు. పొద్దున తియ్యమన్నది ఎవరు? తనే. ఇన్ని వారాల్లో మొలక ఎలా ఉంటుందో చెప్పనిదెవరు? తనే.

తుఫాను ఆయన చేతిలోవాటిని చూసింది, చెక్కను చూసింది. రంగు దిగిపోయింది ఆమె మొహంలో. "కానీ... విత్తనాలు చెక్క కింద కదా మామా?"

"అవును." ఆయనకూ అంతుపట్టలేదు. సాలు గుర్తుకు పాతిన రెండు పుల్లల వంక చూశాడు. మడి మధ్యలో ఈ కొసనొకటి, ఆ కొసనొకటి ఉంటాయవి. మొదటి చెక్క వాటిని ఆనుకుని పడుకుంటుంది, ఎప్పుడూ కుళాయి వైపునే. ముప్పై ఎనిమిదేళ్ళు కుళాయి వైపునే. ఈ ఏడు తప్ప. ఈ ఏడు పైపు పగిలితే అటు తవ్వి, కంకర పోసి, పైన మట్టి కప్పారు. కంకరలో దుంప దిగదని, మొట్టమొదటిసారి పుల్లలకు గోడ వైపున విత్తాడు. చెక్క కూడా గోడ వైపునే పరిచాడు. ఇప్పుడది కుళాయి వైపున ఉంది.

"ఈ చెక్క ఎప్పుడైనా తీశావా అమ్మాయ్?"

ఆమె ఆలోచించింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు కళ్ళు చూపించుకోడానికి పోయిన రోజు... వాన పడింది కదా. టీ బండి బురదలో దిగబడిపోతే, చక్రం కింద వెయ్యడానికి తీసుకెళ్ళా. రెండు నిమిషాలే మామా! కడిగి మళ్ళీ ఇక్కడే పెట్టేశా. పుల్లలకు ఆనించే పెట్టా. ఒట్టు."

అది విత్తిన తొమ్మిదోరోజు. ఆ తర్వాత పదిహేడు రోజులు నిదానం పొద్దున్నే వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఖాళీ నేల మీది చెక్కను ప్రాణంలా ఎత్తి, ప్రాణంలా దించాడు. ముప్పై ఎనిమిదేళ్ళు ఎక్కడ చూశాడో అక్కడే కనిపించేసరికి, సరిగ్గా ఉందనే అనుకున్నాడు. ఇటూ అటూ పోసిన నీళ్ళు తాగి, అసలువి జానెడు దూరంలో, కళ్ళెదుటే, బోర విరుచుకుని పైకొచ్చాయి. గడ్డి అన్నాడు వాటిని.

చెక్క మీదే కూలబడ్డాడు. యాభై ఏడేళ్ళ వరస. తన చేతుల్లోనే, తన నోటితోనే, ఆఖరిరోజునే. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"మళ్ళీ నాటేద్దాం మామా. ఇప్పుడే. నీళ్ళు తెస్తా..." ఆమె అప్పుడే డబ్బా అందుకుంది.

"బతకదమ్మా. దీని వేరు ఒకసారి కదిలిందంటే అంతే. బతికినా దుంప కాదు, వంకర కొమ్ములవుతుంది."

డబ్బా కింద పడింది. "నన్ను లాండ్రీలోనే ఉండనివ్వాల్సింది" అంది తుఫాను. ఆమె ఏడవడం ఆయన చూడలేకపోయాడు.

చూడలేక తల తిప్పుకుంటే పెద్దాయన గుర్తొచ్చాడు. నిదానానికప్పుడు ఇరవై ఒకటి. తోటలో మొదటి ఏడు. ఆ రోజుల్లో ఆయన నిదానం కాదు. పెద్దాయన జ్వరంతో రెండు రోజులు రాకపోతే, మెప్పు పొందుదామని ఒక సాలు సాలంతా కలుపనుకుని పీకిపారేశాడు. పెద్దాయన వచ్చాడు, చూశాడు. కుప్పలోంచి ఒక మొలక తీసి కుర్రాడి అరచేతిలో పెట్టాడు. ఒక్క మాటే అన్నాడు. ఆ రోజు నుంచే ఈయన ప్రతి పనీ రెండుసార్లు చూసుకుని చెయ్యడం మొదలుపెట్టాడు. జనం పేరు పెట్టారు.

నిదానం లేచి, బుట్టలోంచి ఒక మొలక తీసి తుఫాను పగుళ్ళ చేతిలో పెట్టాడు. "నలిపి వాసన చూడు" అన్నాడు.

ఆమె నలిపింది. వాసన చూసింది. ఇంకోసారి చూసింది. ఆకును వెలుతురుకు ఎత్తి ఇటూ అటూ తిప్పింది. ఆరు వారాల్లో ఆమె ఒక వస్తువును అంతసేపు చూడటం అదే మొదలు. "గడ్డికి నడుం దగ్గర ముడి ఉంటుంది మామా. దీనికి లేదు" అంది మెల్లగా.

ఆ సంగతి ఇన్నేళ్ళలో నిదానానికే తట్టలేదు.

ఇద్దరూ మోకాళ్ళ మీద పడి, ఈ కొస నుంచి ఆ కొస దాకా సాలు వెతికారు. తొలిక దెబ్బకు తెగిన వేరుముక్కలు తప్ప ఏమీ లేవు. ఆమె పని అంత శుభ్రం. పాకుతూ పాకుతూ మడి చివరికొచ్చారు. గాలి లేని చక్రంతో, ఎరువు బరువుతో బండి అడ్డంగా ఒరిగి ఉంది.

తుఫాను ఆగిపోయింది. "ఇక్కడ తియ్యలేదు మామా. ఎంత తోసినా కదల్లేదు. చుట్టూ గీరి వదిలేశా."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తుఫాను బోర్లా పడుకుని బండి కిందికి తల దూర్చింది. చాలాసేపు చప్పుడు లేదు. చప్పుడు లేని తుఫానును నిదానం అదే చూడటం.

"మామా." గొంతు గుసగుసగా వచ్చింది. "ముడి లేదు."

ఎరువంతా పక్కకు పోసి, ఇద్దరూ చెరోవైపు పట్టి బండిని గాల్లోకి లేపి పక్కన పెట్టారు. పాలిపోయి, వెలుతురు కోసం ఒకే పక్కకు వాలి, జంట ఆకులతో నిలబడి ఉన్నాయి. ఆమె లెక్కపెట్టింది. తొమ్మిది. ఆయన వేళ్ళ కొసలతో తాకీ తాకకుండా మళ్ళీ లెక్కపెట్టాడు. తొమ్మిదే. విత్తనానికి మూడు దుంపలు చాలు.

నిదానానికి నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి, తర్వాత పొట్టలోంచి. "ఆ చక్రానికి గాలి కొట్టించి ఉంటే..." అన్నాడు.

"రేపు చూద్దాంలే అన్నావు కాబట్టి బతికాయి!" ఆమె ఏడుస్తూనే నవ్వింది. "ఇంక జన్మలో నిన్ను తొందరపెట్టను మామా. పెట్టడానికి నువ్వుండవనుకో."

ఆ తర్వాత నిదానం ముప్పై తొమ్మిదేళ్ళలో మాట్లాడనన్ని మాటలు ఒక గంటలో మాట్లాడాడు. నత్తలు రాకుండా చుట్టూ బూడిద పొయ్యాలి. ఒక్కదాన్నీ కదపకూడదు. ఆకులు పెద్దవయ్యాక ఎండలో ఒట్టి చేతులతో ముట్టుకుంటే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది, నీ చేతులకు అసలే పనికిరాదు, పొడుగు చేతుల చొక్కా వేసుకో. మంచు పడేదాకా తవ్వొద్దు, ఎవరడిగినా సరే, వంటాయన కాళ్ళావేళ్ళా పడినా సరే. ఈ ఏడు సూపు లేదని చెప్పు. తొమ్మిదీ నేలలోనే ఉంచు. వచ్చే ఏడు నీకంటే ఎత్తు కాడలు వస్తాయి, గొడుగుల్లా పసుప్పచ్చ పూలు. గింజ గోధుమరంగు తిరగ్గానే కొయ్యి, గాలివాన కోసం కాచుకోకు. దాచుకోకు. ఆ మరుసటి వసంతంలోనే విత్తెయ్. ఆమె మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

నాలుగు కొట్టారు. గేటు అవతల ఆయన భార్య నిలబడి ఉంది, మంచి చీర కట్టుకుని. ఎప్పుడూ లోపలికి వచ్చి పిలవదు, ఇవాళా పిలవలేదు. నిదానం గడియారం పెట్టె చంకన పెట్టుకుని ఆమె దాకా నడిచాడు. నాలుగు రోజులాగి వెళ్దామన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. తొమ్మిదే కదా ఉన్నాయి. ఒక్క నత్త చాలు, ఒక్క రాత్రి చాలు. ఆయన నోరు తెరిచాడు.

"వచ్చాయా?" అని ఆమె ముందే అడిగింది. ముప్పై ఒక్క ఏళ్ళు సముద్రం అడిగిన మనిషి, ముందు అది అడిగింది.

వెనక్కి తిరిగి చూశాడు. తుఫాను గోనెసంచి మడి చివరికి లాక్కుని, దాని మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏమీ చెయ్యకుండా, ఊరికే వాటిని చూస్తోంది.

"వచ్చాయి" అన్నాడు. "తొమ్మిది."

"చెక్క తీసేశారా?"

"తీసేశాను."

"అయితే పదండి. దారిలో తువ్వాళ్ళు కొనాలి. నీళ్ళల్లో దిగకుండా ఒడ్డున కూర్చుంటానంటే ఊరుకోను."

ఆయన నడుస్తున్నంత మెల్లగా ఆమె కూడా నడిచింది. మలుపు దగ్గర ఆమె ఏదో అడిగింది. ఆయన ఆలోచించి జవాబు చెప్పాడు, ఆమె ఆ జవాబు వినేదాకా ఆగింది. తర్వాత ఇద్దరూ మలుపు తిరిగారు.

తోటలో ఎండ గోడ ఎక్కింది. ఇరవై ఆరు పెన్సిల్ గీతల చెక్క గోడకు జారగిలబడి ఉంది. దాని అంచున, ఎడమచేతి నాలుగు వేళ్ళు పట్టేంత మేర, కర్ర అరిగి నున్నగా గుంటపడి ఉంది.